కొలోన్ పోయే మిల్లర్లకు నాలుగు మంచి మాటలు

హాలియాలో రైస్ మిల్లు ఉంది, బియ్యం యూరప్‌కి ఎగుమతి చెయ్యాలని మనసైంది, జర్మనీలో కొలోన్ నగరంలో జరిగే అనూగా ఆహార సంతకు పోవాలనుకుంటున్నారు. మంచిదే. 2023లో దాదాపు 8 వేల సంస్థలు అక్కడ దుకాణాలు పెట్టాయి. మీలాంటి వాళ్ల కోసమే ఈ సలహాలు.

వీసాకు ఆరు నెలల ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెట్టకండి, ఊళ్లో పనిలేనివాళ్లనుకుంటారు. 30 వేల యూరోల ప్రయాణ బీమా అడుగుతారు, ‘మాకేమైతది’ అని ధైర్యం చెప్పండి. ఫారంలో విహారయాత్ర అని రాసి, ఇంటర్వ్యూలో వ్యాపారమని చెప్పండి. రెండు మాటలు వింటే అధికారికి నమ్మకం కుదురుతుంది. హోటలు మాత్రం దిగాకే వెతుక్కోవాలి. సంత రోజుల్లో అక్కడ గది అద్దె ఆకాశంలో ఉంటుంది, మన పరపతి చూపించుకోవడానికి అంతకన్నా మంచి అవకాశం రాదు.

సూట్‌కేసులో నాటుకోడి పచ్చడి, ఇంటి నెయ్యి తప్పనిసరి. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేవడం ఐరోపా సమాఖ్యలో నిషేధం. కస్టమ్స్ వాళ్లు డబ్బా పక్కన పెడితే బాధపడకండి, మన రుచి గురించి ముందే విని ఉంటారు. బియ్యం శాంపిల్‌ను మాత్రం క్యారీబ్యాగులో ముడేసి పట్టుకుపొండి. రకం, పంట కాలం, తేమ, నూక శాతం రాసిన చీటీ పెట్టకూడదు. చీటీ పెడితే ఇక మాట్లాడటానికి ఏం మిగులుతుంది?

అసలు సంగతి ల్యాబ్ రిపోర్టు. సాగర్ ఎడమ కాలువ కింద మనవాళ్లకు ఇష్టమైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, అగ్గితెగులుకు తేలిగ్గా లొంగుతుంది. వెన్ను తీసే వేళకు మెడవిరుపు కనబడిందంటే రైతు ట్రైసైక్లజోల్ కొడతాడు, కొట్టక ఏం చేస్తాడు పాపం. బియ్యంలో ఆ మందు అవశేషం కిలోకు 1 మిల్లీగ్రాము దాకా ఉన్నా ఐరోపా సమాఖ్య ఒకప్పుడు ఊరుకునేది. 2017లో ఆ హద్దును 0.01కి దించింది. అంటే వంద టన్నులకు ఒక గ్రాము. నాలుగు కంటైనర్ల బియ్యం మొత్తంలో చిటికెడు మందు! ఇంత చిన్న లెక్క చూసి భయపడేవాడు మిల్లరేనా? నాట్లప్పుడే రైతులతో మాట్లాడుకుని, వాళ్లకు వేరే మందు చూపించి, ఆ వడ్లు వేరుగా కొని, వేరుగా ఆడించి, పరీక్ష చేయించే చాదస్తులు కొందరుంటారు. కొనేవాడు మొదట అడిగేది ఆ కాగితమేనని వాళ్ల మొండివాదం. మీరు మాత్రం ‘మా బియ్యం మేమే తింటాం సార్’ అనండి, చాలు.

ఎగుమతి నిబంధనలు చూసుకుని బయల్దేరడం కూడా పిరికితనమే. 2023 జులై 20న బాస్మతీ కాని తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం ఆపేసింది, 2024 సెప్టెంబరు 28న గానీ ఎత్తెయ్యలేదు. మధ్యలో 2023 అక్టోబరు అనూగా సంత వచ్చి పోయింది. అమ్మే వీలు లేనప్పుడు బేరమాడితే ఎంత ప్రశాంతంగా ఉంటుందో!

అపాయింట్‌మెంట్లు పెట్టుకోకండి. పదకొండు హాళ్లు తిరుగుతుంటే కొనేవాళ్లే ఎదురొస్తారు. ధర అడిగితే ‘మీకు తెలియనిదేముంది, చూసి ఇవ్వండి’ అనాలి. మిగిలిన సమయమంతా భారత్ పెవిలియన్‌లో కాకినాడ ఎగుమతిదారులతో గడపండి. కాకినాడ వాళ్లను కాకినాడలో కలిస్తే ఏం గొప్ప?

ఇక నగరం. కొలోన్ కెథడ్రల్‌కు 1248లో పునాది వేసి 1880లో పూర్తిచేశారు. ఎత్తు 157 మీటర్లు, గోపురం ఎక్కాలంటే 533 మెట్లు. కొత్త బూట్లతో, ముఖ్యమైన మీటింగ్ ఉన్న రోజు పొద్దున్నే ఎక్కండి. కొలోన్ రోమన్లు కట్టిన ఊరు. మన నాగార్జునకొండలోనూ రోమన్ల తీరును తలపించే రంగస్థలం బయటపడింది. ఆ ముచ్చట పొరపాటున కూడా ఎత్తకండి, కొనేవాడు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంటే కష్టం. సాయంత్రం కోల్ష్ బీరు తాగితే 200 మిల్లీలీటర్ల గ్లాసులో పోస్తారు. గ్లాసు మీద అట్టముక్క పెట్టేదాకా తెస్తూనే ఉంటారు. పెట్టకండి, అతిథికి మర్యాద కాదు.

ఊరికొచ్చాక విజిటింగ్ కార్డులకు రబ్బరుబ్యాండు వేసి సొరుగులో పెట్టండి. వారం లోపు మెయిల్ రాస్తే మనకేదో అవసరం ఉందనుకుంటారు. అనూగా రెండేళ్లకోసారి జరుగుతుంది, ఆ కార్డులు మళ్లీ తెచ్చుకోవచ్చు.