నేను కంపోస్టు డబ్బాని

నేను 20 లీటర్ల పెయింటు డబ్బాని. హైదరాబాద్ ఉప్పల్‌లో ఒక ఇంటి గోడలకు పూసిన రంగును మోసుకొచ్చాను. పని ముగిశాక నన్ను పాత సామానువాడికి వేసేయబోతుంటే ఆ ఇంటి టీచరమ్మ వద్దన్నారు. లోపలి రంగు పొరంతా గీకించి, కడిగి ఎండబెట్టారు. కాల్చిన చువ్వతో అడుగున, చుట్టూ బెజ్జాలు పెట్టించి, మిద్దె మీద ఇటుకలపై కూర్చోబెట్టారు. అలా నాకు రెండో జన్మ దొరికింది.

అంతకుముందు ఆ ఇంట్లో అన్నం మెతుకులు, పాల ప్యాకెట్లు, అరటి తొక్కలు, అయిపోయిన బ్యాటరీలు అన్నీ ఒకే సంచిలో పోయేవి. నగరం చెత్త చివరికి చేరేది జవహర్‌నగర్ చెత్త గుట్టలకే. గాలి ఆడకుండా అక్కడ కుళ్లిన తడి చెత్త మీథేన్ వాయువును వదులుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 25 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. చెత్తలోంచి కారే నల్లటి ఊట నేలలోకి ఇంకి, చుట్టుపక్కల జనం తాగే నీటిని చెడగొడుతుంది. తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంట్లోనే వేరు చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పాయి. మన వంటింటి చెత్త మరో ఊరివాళ్ల ఊపిరికి అడ్డుపడకూడదని చెప్పడానికి నిబంధన దాకా పోవాలా?

నా పని తీరు చెబుతాను. అడుగున ఎండుటాకులు పరుస్తారు. ఆపైన కూరగాయల తొక్కలు, వాడేసిన టీ పొడి, వాడిన పూలు. వేసిన ప్రతిసారీ పైన మళ్లీ ఎండుటాకులు కప్పుతారు. అప్పుడప్పుడు కాస్త పుల్ల మజ్జిగ చల్లుతారు. పచ్చి చెత్తలో నత్రజని ఎక్కువ, ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ. 1 పాలు నత్రజనికి 30 పాళ్ల దాకా కార్బన్ ఉంటే సూక్ష్మజీవులు చక్కగా పనిచేస్తాయి. ఆ ఆకులు వీధిలోని కానుగ చెట్టువి. ఒకప్పుడు వాటిని ఊడ్చి తగలబెట్టేవాళ్లు.

"వాసన రాదా అక్కా? పురుగులు పట్టవా?" అని ఎదురింటావిడ అడిగింది.

"తడి ఎక్కువై గాలి ఆడకపోతేనే వాసనమ్మా. ఇంకో నాలుగు గుప్పిళ్ల ఎండుటాకులు వేసి కలియబెడితే పోతుంది. ఉప్పూ నూనే ఉన్న కూరలు, మాంసం, ఎముకలు మాత్రం వేయకూడదు" అన్నారు టీచరమ్మ.

రెండు మూడు నెలలకు నాలో చెత్త ఆనవాలు ఉండదు. తొలకరి వానకు తడిసిన నేలలా కమ్మగా వాసన వేసే నల్లటి ఎరువు మిగులుతుంది. దాన్ని ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, గుప్పెడు వేపపిండితో కలిపి కుండీలు నింపుతారు. తోటకూర నెల తిరిగేసరికి కోతకొస్తుంది. గోంగూర, బచ్చలి గిల్లినకొద్దీ చిగురిస్తాయి. సొర పూలు విచ్చే సాయంత్రం వేళ టీచరమ్మ మగపువ్వు కోసి ఆడపువ్వుకు అద్దుతారు. లేకపోతే పిందె నిలవడం కష్టం. తడి మట్టి నిండితే నాలాంటి డబ్బా దాదాపు 30 కిలోలు తూగుతుంది. అందుకే కుండీలన్నీ దూలాల మీదుగా, గోడల వెంబడే ఉంచుతారు.

మాకు దగ్గరలోనే ఉన్న నారపల్లిలో కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి పెంచిన మిద్దెతోట ఎందరికో దారి చూపింది. మిద్దె మీద బియ్యం, పప్పులు పండవు, నిజమే. కానీ మందు కొట్టని ఆకుకూర పండుతుంది. వంటింటి చెత్త గడప దాటకుండా మట్టవుతుంది.

తోట పెట్టాలనుకునేవాళ్లు ముందు విత్తనాల కోసం వెతుకుతారు. నా మాట వినండి. ముందు ఒక డబ్బాకు బెజ్జాలు పెట్టండి, ఈ రోజు నుంచే తడి చెత్త వేరు చేయండి. మట్టి సిద్ధమైతే విత్తనం ఎప్పుడైనా వేసుకోవచ్చు.