మూడో పీరియడ్: కరుణ

డిసెంబరు మూడో తేదీ వచ్చిందంటే మన కార్పొరేట్ బళ్లకు గుండె కరుగుతుంది. ఎప్పుడు కరగాలో టైంటేబుల్లో ముందే రాసి ఉంటుంది: మూడో పీరియడ్. నాలుగో పీరియడ్‌లో లెక్కల స్లిప్ టెస్టు ఉంటుంది కాబట్టి అప్పటికల్లా మళ్లీ గట్టిపడాలి. ఈ తేదీని అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవంగా 1992లో ప్రకటించిన ఐక్యరాజ్యసమితి, దానికి ఫ్లెక్సీ ఎంత సైజుండాలో చెప్పడం మరిచిపోయింది. ఆ లోటు మన కరస్పాండెంట్లు తీర్చారు. సగం ఫ్లెక్సీ నిండా కరస్పాండెంటు గారు చేతులు జోడించి నవ్వుతుంటారు. మిగతా సగంలో ఆయన సతీమణి, ఆయన తండ్రి గారి నిలువెత్తు ఫొటో, పోయినేడు వచ్చిన ర్యాంకులు. కింద మూలన పోస్టల్ స్టాంపులంత సైజులో హెలెన్ కెల్లర్, లూయీ బ్రెయిల్, స్టీఫెన్ హాకింగ్. ముగ్గురూ విదేశీయులే, ముగ్గురూ కాలం చేసినవాళ్లే. పోయినవాళ్లతో మేనేజ్‌మెంటుకు ఒక సుఖముంది. వాళ్లు అడ్మిషన్ అడగరు.

ఆ రోజు ముఖ్యమైన అంశం కళ్లకు గంతలు. నల్ల రిబ్బను ముక్కను 'ఎంపతీ కిట్' పేరుతో అమ్ముతారు. దాని ధర ఫీజు రసీదులో 'ఇతరములు' కింద కలిసిపోతుంది. పిల్లలు గంతలు కట్టుకుని వరండాలో పదడుగులు వేస్తారు. ఒకడు స్తంభానికి గుద్దుకుంటాడు, ఇంకొకడు ఇదే సందని ముందున్నవాడి చొక్కా లాగుతాడు, మూడోవాడు రిబ్బను కిందినుంచి చూస్తూ ఫస్టొస్తాడు. ఆ తర్వాత అందరూ అనుభవాలు రాయాలి. ఏడో తరగతి చిన్నారి ఇలా రాస్తుంది: "చాలా భయమేసింది. చూపు లేనివాళ్లు పాపం ఏ పనీ చేసుకోలేరు. నాకు మంచి కళ్లిచ్చినందుకు దేవుడికి థ్యాంక్స్." ఈ మూడు వాక్యాలకు మొదటి బహుమతి. బహుమతి ఇచ్చేటప్పుడు డ్రోన్ కెమెరా ఎగురుతుంది.

ఆ పిల్లను అనడానికేమీ లేదు. తనకు తెలిసింది రాసింది. అమెరికాలో ఏరియల్ సిల్వర్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సరిగ్గా ఈ గంతల వ్యవహారాన్నే పరిశోధించారు. ఆమెకు చూపు లేదు. 2015లో అచ్చయిన ఆ పరిశోధన సారాంశం వింటే మన ఈవెంట్ మేనేజర్లు కంగారుపడతారు. గంతలు కట్టుకుని తడుముకున్నవాళ్లకు అంధుల శక్తిసామర్థ్యాల మీద గౌరవం పెరగలేదు, తగ్గింది. ఇందులో వింతేముంది? తెల్లకర్ర పట్టుకుని నెలల తరబడి నడక నేర్చుకున్న మనిషికీ, ఇప్పుడే లైటు పోయిన మనిషికీ పోలికెక్కడ? గంతలవాడికి తెలిసేది అంధత్వంలోని మొదటి నిమిషం ఒక్కటే. ఈత రానివాణ్ణి గోదాట్లోకి తోసి, పైకి లాగాక జాలరి జీవితం మీద వ్యాసం రాయమన్నట్టుంది మన బోధన.

ఇక ఇదే బడికి జూన్‌లో వెళ్దాం. చక్రాల కుర్చీలో కొడుకును కూర్చోబెట్టుకుని ఒక తండ్రి వచ్చాడు.

"బాబు చాలా చురుగ్గా ఉన్నాడండీ," అన్నారు ప్రిన్సిపల్ మేడమ్. ఈ మాటతోనే తండ్రికి సగం అర్థమైపోవాలి. మన దగ్గర కాదనే ముందు మెచ్చుకోవడం ఆనవాయితీ.

"ఆరో తరగతి సెకండ్ ఫ్లోర్‌లో ఉందండీ."

"ఆ ఒక్క సెక్షన్ కిందికి మార్చడానికి వీలవదా మేడమ్?"

"కింద రిసెప్షనూ, ఫీజు కౌంటరూ ఉన్నాయి కదండీ."

"పోనీ లిఫ్టు..."

"అది మేనేజ్‌మెంట్ లిఫ్టండీ. అయినా బాబు మంచికే చెబుతున్నాను. మిగతా పిల్లలు ఏడిపిస్తే వీడి మనసు కష్టపడదూ? ఎక్కడైనా స్పెషల్ స్కూల్ చూసుకోండి."

మేడమ్ గారి తర్కం కాస్త నిదానంగా చూడాలి. పిల్లలు ఏడిపిస్తారు కాబట్టి వాళ్లకు కరుణ నేర్పాలి. కరుణ నేర్పడానికి డిసెంబరులో కార్యక్రమం ఉంది. ఆ కార్యక్రమానికి ఈ బాబు లాంటివాడు కావాలి. ఇలాంటివాడు బడిలో ఉంటే పిల్లలు ఏడిపిస్తారు కాబట్టి చేర్చుకోరు. అందుకని డిసెంబరులో ఊరి చివరి అంధుల వసతి గృహం నుంచి పదిమంది పిల్లల్ని వ్యాన్‌లో తెప్పిస్తారు. వాళ్లు ప్రార్థన పాడతారు, పులిహోర పొట్లాలు తీసుకుంటారు, మధ్యాహ్నానికి అదే వ్యాన్‌లో వెళ్లిపోతారు. బస్సుల్లో బిగ్ స్క్రీన్ పెట్టిన బడి ఫీజు లెక్కలో ఈ వ్యాను అద్దె ఎంత.

ప్రభుత్వ బడిలో ఈ ఫ్లెక్సీలూ గంతలూ ఇంత ఉండవు. అక్కడ ర్యాంపుంటుంది. ర్యాంపు వాలుకు ఒక లెక్క ఉంది: ఒక అడుగు ఎత్తెక్కాలంటే కనీసం పన్నెండడుగుల పొడవు. అరుగు రెండడుగుల ఎత్తుంటే ఇరవై నాలుగడుగుల ర్యాంపు కట్టాలి. మన మేస్త్రి ఆరడుగుల్లో ముగించాడు, ఇంజనీరు మూడు నిమిషాల్లో చూశాడు, బిల్లు పాసైంది. దాని మీద చక్రాల కుర్చీ ఎక్కదు గానీ, ఇంటర్వెల్లో ఒకటో తరగతి పిల్లలకు జారుడు బల్లగా బ్రహ్మాండంగా పనికొస్తోంది. ప్రత్యేక మరుగుదొడ్డి కూడా ఉంది, ఆన్‌లైన్ ఫారంలో 'ఉంది' అని టిక్కు పెట్టారు కూడా. తాళం తీస్తే లోపల పాత జవాబు పత్రాల కట్టలు, విరిగిన బెంచీ కాళ్లు. ఏదో ఒక వైకల్యం ఉన్న వస్తువులకే దాన్ని కేటాయించారు కాబట్టి నిబంధన ఉల్లంఘించారనడానికీ లేదు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. వాటిలో ఐఈఆర్‌పీలని పిలిచే టీచర్లున్నారు. కదల్లేని పిల్లల ఇళ్లకు వెళ్లి పాఠం చెప్పేదీ, ఫిజియోథెరపీ రోజున తల్లులను పేరుపేరునా పిలిచేదీ వాళ్లే. మండలానికి ఒకరో ఇద్దరో, అదీ కాంట్రాక్టు మీద. వాళ్ల పని మీద వ్యంగ్యం రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. వాళ్ల ఉద్యోగాలు పర్మనెంటు చేయని ప్రభుత్వాల మీద రాద్దామంటే, ఒక వ్యాసం చాలదు, పుస్తకమే రాయాలి.

సిలబస్సులోనూ కరుణ ఉంది. రెండో పీరియడ్‌లో తెలుగు మాస్టారు చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు, గుడ్డెద్దు చేలో పడ్డట్టు అంటూ సామెతలకు సొంత వాక్యాలు రాయిస్తారు. మూడో పీరియడ్‌లో సోషల్ టీచరు వచ్చి అందరూ సమానమేనంటారు. పరీక్షలో ఖాళీలు పూరించాలి: 'వికలాంగుల పట్ల మనం ------ చూపవలెను.' జవాబు 'జాలి'. 'గౌరవం' అని రాసిన పిల్లవాడికి సున్నా, ఎందుకంటే గైడులో అలా లేదు.

సాయంత్రం ఇంటికెళ్తే నాన్న సోఫాలో పాత కామెడీ సీన్లు చూస్తుంటాడు. తెలుగు తెరకు నత్తి మాట ఒక పెట్టుబడి, చెవుడు ఇంకొకటి. పక్కవాడు నత్తిగా మాట్లాడగానే థియేటరు నవ్వుతుంది, ఆ నవ్వు మర్నాడు బడికొస్తుంది. వైకల్యాన్ని ఎగతాళి చేసే హాస్యం వేరు, వైకల్యం గురించి అర్థం చేయించే హాస్యం వేరు అని 2024 జులైలో సుప్రీంకోర్టు ఒక సినిమా కేసులో విడమరిచి చెప్పింది. మన రైటర్లకు ఆ తీర్పు ఇంకా చేరినట్టు లేదు. ఓటీటీలో వస్తే చూస్తారేమో.

పెద్దవాళ్ల కరుణకు వరంగల్ వైపు మంచి నమూనా ఉంది. కల్లెడ ఊళ్లో పుట్టిన జీవంజి దీప్తికి మేధో వైకల్యం ఉంది. చిన్నప్పుడు ఆ పిల్లను 'పిచ్చి', 'కోతి' అని పిలిచేవారని తల్లిదండ్రులే పత్రికలకు చెప్పారు. ఇంటి అవసరాలకు ఉన్న కాస్త భూమీ అమ్ముకున్నారు. ఆ అమ్మాయి 2024లో జపాన్‌లోని కోబెలో 400 మీటర్ల పరుగును 55.07 సెకన్లలో పూర్తిచేసి ప్రపంచ రికార్డుతో స్వర్ణం తెచ్చింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. అప్పటినుంచి పూలదండలు, సన్మానాలు, సెల్ఫీలు. మన సమాజం కరుణకు పెట్టుకున్న కటాఫ్ ఇదన్నమాట: 55.07 సెకన్లు. అరవై సెకన్లలో పరుగెత్తే పిల్లకు పాత పేరే ఖాయం. పరుగెత్తలేని పిల్ల సంగతి అడక్కండి.

మచిలీపట్నం దగ్గర పల్లెలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ కథా అంతే. చూపు లేదు కాబట్టి పదో తరగతి తర్వాత సైన్సు గ్రూపు ఇవ్వబోమన్నారు. కోర్టుకెళ్లి సీటు తెచ్చుకున్నాడు. తర్వాత అమెరికాలో ఎంఐటీలో చదివి, తిరిగొచ్చి హైదరాబాద్‌లో కంపెనీ పెట్టాడు. 2024లో ఆయన మీద హిందీలో సినిమా వచ్చింది. ఆ సినిమాకు పిల్లల్ని బస్సుల్లో తీసుకెళ్లే బడికి, అందులో అసలు విలన్ ఎవరో తెలియకపోవడమే గొప్ప హాస్యం.

మరి పిల్లలు? వాళ్లను ఒక సాయంత్రం ఏదైనా వీధిలో క్రికెట్ ఆడుతుండగా చూడండి. వీధి ఇరుకైతే లెగ్ సైడు పరుగుల్లేవు. సుబ్బమ్మ గారి డాబా మీద పడితే అవుట్, బంతి కొట్టినవాడే తెచ్చుకోవాలి. చిన్నవాడొస్తే వాడికి ఒక బతుకు ఎక్కువ. కాలు సరిగా లేని స్నేహితుడొస్తే రన్నరును ఇస్తారు, రన్నరు నెమ్మదిగా పరుగెత్తాడని వాడితోనే తగువు పడతారు, వాడూ తగ్గడు. ఒక్క సర్క్యులరూ రాదు, ఒక్క ఫ్లెక్సీ కట్టరు. ఉన్న మనుషుల్ని బట్టి ఆట రూల్సు మార్చుకుంటారు. అంధుల క్రికెట్ కూడా ఇదే పద్ధతిలో ఎదిగింది. గలగలలాడే బంతి, కిందినుంచి వేసే బౌలింగు, బొత్తిగా చూపులేని బ్యాటర్ కొట్టిన పరుగులకు రెట్టింపు లెక్క. మన గుంటూరు వైపు నుంచి వెళ్లిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి ఆ ఆటలో భారత జట్టుకు కెప్టెన్ అయ్యాడు, అర్జున అవార్డు అందుకున్నాడు. గంతలు కట్టుకుని పదడుగులు నడిచే పిల్లల్ని ఒకపూట ఆ మ్యాచ్‌కు తీసుకెళ్తే, పాపం అనే మాట వాళ్ల నోట రాదు. అబ్బ, ఏం కొట్టాడురా అంటారు.

పన్నెండేళ్లవాడు వీధిలో చిటికెలో మార్చగలిగిన రూలును, నాలుగంతస్తుల బడి మార్చలేకపోతోంది. ఆరో తరగతిని కిందికి దించలేని బడి పిల్లల మనసుల్ని పైకి లేపుతానంటోంది. దించడానికి ఒక రిసెప్షన్ సోఫా జరిపితే చాలు.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. పాత చట్టంలో ఏడున్న వైకల్యాల జాబితాను ఇది ఇరవై ఒకటికి పెంచింది. వికలాంగుల హక్కులను బడి పాఠాల్లోనే చేర్చాలని కూడా చెప్పింది. ప్రభుత్వాలు దీన్ని ఎంత శ్రద్ధగా చదివాయో ఆ ఆరడుగుల ర్యాంపు చూస్తే తెలుస్తుంది. తల్లిదండ్రులైనా చదవాలి. వచ్చే జూన్‌లో మీ పిల్లల అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ఏసీ ఉందా, ఐఐటీ ఫౌండేషన్ ఉందా అని అడిగాక, ఇంకొక్కటి అడగండి: నడవలేని పిల్లలు, చూడలేని పిల్లలు, వినలేని పిల్లలు ఈ బడిలో ఎంతమంది చదువుతున్నారు? "మా దగ్గర అలాంటివాళ్లెవరూ లేరండీ" అని మేడమ్ గారు గర్వంగా అంటే, ఫీజు కట్టే ముందు ఆ చట్టంలోని 16వ సెక్షన్ చదివి వినిపించండి. వివక్ష లేకుండా చేర్చుకోవాలనీ, భవనాన్ని అందరికీ అందుబాటులోకి తేవాలనీ అందులో ఉంది. అది సర్కారు నిధులతో నడిచే బడికే కాదు, సర్కారు గుర్తింపు తీసుకున్న ప్రతి బడికీ వర్తిస్తుంది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది.