అరగంట ఆయుష్షు

నా ఆయుష్షు అరగంట. ఎవరైనా కదిలిస్తే మళ్ళీ అరగంట. నన్ను సెషన్ అంటారు. పళ్ళిపట్టులో మరమగ్గాల లుంగీలమ్మే ఒక అంగడి వెబ్‌సైట్‌లో నా కొలువు. సర్వర్‌కి మతిమరుపు. ఒక పేజీ చూపించి, రెండోది అడిగేసరికి మనిషిని మరిచిపోతుంది. వచ్చిందెవరో, బుట్టలో ఏమేసుకున్నారో గుర్తుపెట్టుకునేది నేనే.

తిరుత్తణి కొండకాడ చెప్పులు వదిలితే టోకెన్ ఇస్తారు గదా, అదే లెక్క. టోకెన్ కుకీ, చెప్పులు నేను. 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేస్తూ లూ మంటుల్లీ ఈ కుకీని తెచ్చాడు. మా ఊరి సంగతి చూడండి: 1960 ఏప్రిల్ 1న పళ్ళిపట్టు ఉన్నచోటే ఉండి ఆంధ్ర నుంచి మద్రాసు రాష్ట్రంలోకి మారింది. మాది తిరగబడ్డ కథ: టోకెన్ తీరు అదే, మేముండే ఇల్లే మారుతూ వచ్చింది.

మా తాతలు సర్వర్ మెమరీలో ఉండేవాళ్ళు. పిలిస్తే పలికేంత దగ్గర. ఒకనాడు సర్వర్‌ని ఆపి మళ్ళీ వేశారు. అందరూ ఒక్కసారే పోయారు. పన్నెండు లుంగీలు ఏరుకున్న ఆయన బుట్ట ఖాళీ! దాంతో మా నాయనల తరం డిస్కు మీది ఫైళ్ళలోకి మారింది.

దీపావళి గిరాకీకి రెండో సర్వర్ వచ్చింది. ఈ స్టాండు టోకెన్ ఆ స్టాండులో చూపిస్తే చెప్పులిస్తారా? పేజీ మార్చినప్పుడల్లా మళ్ళీ లాగిన్ కమ్మని గోల.

‘‘అంతా కుకీలోనే మూటగట్టి కొనేవాళ్ళకే ఇచ్చేద్దామా నాయనా?’’ అన్నాడు సైటు రాసిన అంగడాయన కొడుకు. కానీ కుకీలో పట్టేది సుమారు 4,096 బైట్లు. పైగా సంతకం వేస్తే ఎవరూ మార్చలేరు గానీ చదవగలరు. డేటాబేస్‌లో పెడదామంటే దానికి ఆర్డర్ల పనే తలకు మించింది. చివరికి రెండు సర్వర్లకూ అందేలా విడిగా రెడిస్ అనే నిల్వ పెట్టారు. అది మెమరీలోనే ఉంచుకుంటుంది కాబట్టి వేగం. గడువు తీరితే తనే తుడిచేస్తుంది.

‘‘అదీ ఆగిపోతే?’’ అన్నాడు తండ్రి.

‘‘బుట్టలు పోతాయి. డబ్బు కట్టిన ఆర్డర్లు డేటాబేస్‌లో భద్రం.’’

‘‘అంతే మరి. చెప్పుల కాడ నగలు పెడతామా అబ్బోడా!’’

నాకేం కోపం రాలేదు. పోయినా మళ్ళీ ఏరుకోగలిగిందే నా దగ్గరుండాలి.

ఇప్పుడు ఎవరో రెండు లుంగీలు బుట్టలో వేసి అన్నానికి లేచినట్టున్నారు. ఇరవై తొమ్మిదో నిమిషం. అయ్యా, ఒక్కసారి వేలు తగిలించండి.