తొమ్మిదిన్నర చాయ్‌ల కోటీశ్వరులు

రోజుకు రెండు చాయ్‌లు మానేస్తే చాలు, ముసలితనం వచ్చేనాటికి కోటీశ్వరులమైపోతామట. ఫోను తెరిస్తే ఇదే ఉపదేశం. చెప్పే గురువుగారి వెనక ఇంగ్లిషు పుస్తకాల అలమర, ముందు మైకు, చేతిపక్కన పొగలు కక్కే కాఫీ కప్పు. వికారాబాద్‌లో రైలెక్కి తాండూరులో దిగేలోపు ఈ ఉపదేశం ముగ్గురు నలుగురి ఫోన్లలోంచి వినిపిస్తుంది, అదీ పెద్ద సౌండుతో. అంతమంది వింటున్నారంటే ఒకసారి లెక్క కట్టి చూడాల్సిందే.

చాయ్ పది రూపాయలు. రెండంటే 20, నెలకు 600. ఆ ఆరువందలూ నెలనెలా మ్యూచువల్ ఫండ్ సిప్‌లో వేస్తే ఏడాదికి 12 శాతం చొప్పున 30 ఏళ్లు పెరుగుతుందనుకుందాం. ఆ 12 శాతం ఎవరూ బాండు పేపరు మీద రాసిచ్చింది కాదు, మర్యాద కోసం ఒప్పుకుంటున్నాం. చివర చేతికొచ్చేది 21 లక్షల పైచిలుకు. మిగతా 79 లక్షలు ఏమయ్యాయో గురువుగారు చెప్పరు. ఈలోగా ధరలు ఏటా 6 శాతం పెరిగాయంటే, ఆ 21 లక్షలకు ఆనాడు వచ్చే సరుకు ఇవాళ మూడు లక్షల డెబ్బై వేలకే వస్తుంది. నిజంగా కోటి కావాలంటే నెలకు 2,830 రూపాయల దాకా కట్టాలి. రోజుకు తొమ్మిదిన్నర చాయ్‌లన్నమాట. కోటీశ్వరుడు కాదలచినవాడు ముందు రోజుకు తొమ్మిదిన్నర చాయ్‌లు తాగడం అలవాటు చేసుకుని, ఆ తర్వాత మానేయాలి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తాగే బీదవాడికి ఆ యోగం లేదు. ఇక ఊరంతా ఈ వ్రతం పడితే చాయ్ బండి నడిపేవాడు దేన్ని మానేసి ధనవంతుడవుతాడో ఏ వీడియోలోనూ లేదు.

రెండో మంత్రం 50-30-20. జీతంలో సగం అవసరాలకు, ముప్పై శాతం సరదాలకు, ఇరవై శాతం పొదుపుకు. దీన్ని ఊరూరా తిప్పింది 2005లో అమెరికాలో ఎలిజబెత్ వారెన్, ఆమె కూతురు అమీలియా కలిసి రాసిన పుస్తకం. వారెన్ అప్పటికి దివాలా చట్టాలు బోధించే ప్రొఫెసరు, తర్వాత సెనేటరు అయింది. అదే తల్లీకూతుళ్లు అంతకు రెండేళ్ల ముందు, 2003లో, మరో పుస్తకం రాశారు. మధ్యతరగతి కుటుంబాలు దివాలా తీసేది దుబారా వల్ల అనేది వట్టి అపోహ, వాళ్లను ముంచేవి ఇంటి అప్పు, వైద్యం, ఉద్యోగం పోవడం అని అందులో వాదించారు. మన గురువులు 2005 పుస్తకంలోంచి సూత్రాన్ని మాత్రం దిగుమతి చేసుకుని, 2003 పుస్తకాన్ని విమానాశ్రయంలోనే వదిలేసి వచ్చినట్టున్నారు.

పోనీ, సూత్రాన్నే తాండూరులో పెట్టి చూద్దాం. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. వంద రోజులూ పని దొరికిందనుకుంటే 30,700. అందులో సరదాల వాటా 9,210, ఏడాది మొత్తానికి, ఇంటిల్లిపాదికి. పండుగ బట్టలు, జాతర, పెళ్లి చదివింపులు, పిల్లాడి పుట్టినరోజు చాక్లెట్లు అన్నీ అందులోనే సర్దుకోవాలి. పైగా ఈ సూత్రానికి ఒకటో తారీఖు అనే తిథి కావాలి. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసేవాడికి మిషను తిరిగిన రోజే కూలి. కంది రైతుకు ఏడాదికి ఒక్కసారే డబ్బు కనిపిస్తుంది, అదీ అడ్తి దుకాణంలో పాత బాకీ కోతలన్నీ పోయాక. ఏ నెల జీతాన్ని మూడు ముక్కలు చేయమంటారు వీళ్లను?

మన రిజర్వు బ్యాంకుకూ ఒక యాభై ఉంది. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకిచ్చే మైక్రోఫైనాన్స్ అప్పుల్లో, నెల రాబడిలో సగానికి మించి వాయిదాలు ఉండకూడదని 2022లో నిబంధన పెట్టింది. మంచికే పెట్టింది. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చేంతగా ఇంటిముందు వసూళ్ల రగడ చూసినవాళ్లం, కాదనలేం. కానీ సగం అవసరాలకని అమెరికా అంటుంది, సగం దాకా వాయిదాలకు పోవచ్చని రిజర్వు బ్యాంకు అంటుంది. రెండు సగాలూ ఇచ్చాక గురువుగారి ముప్పై, ఇరవై ఎక్కడినుంచి తేవాలి?

మరో ఆణిముత్యం: సరుకు చౌకగా ఉన్నప్పుడు టోకున కొని పెట్టుకోండి, ధర ఉన్నప్పుడు అమ్ముకోండి. ఇది వింటే తాండూరు మార్కెట్ యార్డులో నవ్వుతారో తంతారో చెప్పలేను. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడి నేల, ఇక్కడి రుచి వేరని కేంద్రమే ముద్ర వేసింది. ఆ గుర్తింపున్న కందిని పండించినవాడు కోతలవగానే, అందరి పంటా ఒక్కసారే యార్డులో పడి ధర దిగినప్పుడు అమ్ముతాడు. వానాకాలం వచ్చేసరికి తనే కిరాణా కొట్టులో పప్పు కిలోల లెక్కన కొంటాడు. తెలియక కాదు. విత్తనాలకు, మందులకు బాకీ పెట్టిన అడ్తిదారు, పిల్లల ఫీజు అడిగే బడి ధర పెరిగేదాకా ఆగరు. 2024-25 పంటకు మద్దతు ధర క్వింటాలుకు 7,550 రూపాయలు. 2025 మొదటి నెలల్లో చాలా మార్కెట్లలో ధర దానికన్నా కిందికి జారింది. సరిగ్గా అప్పుడే సుంకం లేని కంది దిగుమతికి గడువును 2026 మార్చి 31 దాకా పొడిగించారు. మొజాంబిక్ నుంచో, మయన్మార్ నుంచో ఓడ బయల్దేరిందంటే ఆ కుదుపు తాండూరు వంటింట్లో తెలుస్తుంది. ఇంటి బడ్జెట్ యాప్‌లో పాలు, కరెంటు, సినిమా అని గళ్లున్నాయి గానీ మొజాంబిక్‌కు గడి లేదు.

వడ్డీ సంగతి చూడండి. ఊళ్లో అప్పు నూటికి నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. ఆసుపత్రి ఖర్చుకని యాభై వేలు తెచ్చినవాడు ఏడాదికి 18,000 వడ్డీయే కడతాడు. అదే మనిషి గురువుగారి మాట విని నెలకు ఆరువందలు సిప్‌లో వేస్తే, 12 శాతం చొప్పున మొదటి ఏడాది చివర వచ్చే లాభం 500 కూడా ఉండదు. ముందు ఆ అప్పు తీర్చుకో నాయనా అని చెప్పడానికి అర నిమిషం పట్టదు. చెప్పరు. అప్పు తీర్చినందుకు ఎవరూ కమీషన్ ఇవ్వరు కదా. ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా, 436 రూపాయలతో రెండు లక్షల జీవిత బీమా బ్యాంకులోనే దొరుకుతాయని కూడా అదే కారణంగా వినిపించదు.

చిట్టీల మీద మాత్రం వెటకారానికి లోటు లేదు. చిట్టీ వేయడమంటే చదువు రానివాళ్ల పనట, రాబడి నాలుగైదు శాతం కూడా రాదట. రాకపోతే రాకపోనీ. చిట్టీ వేసిన మూడో నెలలో కాన్పు ఖర్చు వస్తే పాటలో నష్టానికైనా పాడి చిట్టీ ఎత్తుకోవచ్చు. ఆ నష్టం ఎంతో ముందే కళ్లముందుంటుంది, అడిగే కాగితాలు తక్కువ. చిట్టీ వాళ్లు రాత్రికి రాత్రి ఊరు వదిలిన కథలు ప్రతి పట్నంలో ఉన్నాయి. అందుకే 1982 చట్టం ఉంది, రిజిస్టరు కాని చిట్టీ జోలికి పోవద్దు. ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుంటే ఉపకారం. రోజుకు రూపాయి దాచి సంఘాలు నడిపి, లెక్కల పుస్తకం రాసి, తప్పిన వాయిదాను తోటివాళ్లతో పూడ్పించి, బ్యాంకు మేనేజరును ఒప్పించిన ఆడవాళ్లకు పొదుపు పాఠం చెప్పడం ఏం పని?

మిగిలేది ఉంటే మిగులుతుంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేకుండా పోయింది. తాండూరు నుంచి జిల్లా ఆఫీసుల పని మీద వికారాబాద్ పోయే అక్కకు రానూపోనూ డబ్బులు మిగిలాయి. ఆమె క్రమశిక్షణ ఏం పెరగలేదు, ఖర్చు తగ్గిందంతే. ఆ పథకం మంచిచెడులు, ఆర్టీసీ లెక్కలు వేరే చర్చ.

ఇంతకీ గురువులు ఎలా ధనవంతులయ్యారు? 2023 అక్టోబరులో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఒక సలహాదారుని మార్కెట్లోకి రాకుండా ఆపి, కోర్సులూ సలహాలూ అమ్మి సంపాదించిన 17 కోట్ల పైచిలుకు కక్కమంది. చాయ్ మానేస్తే వచ్చిన సొమ్ము కాదది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని అదే సెబీ తేల్చింది. పది రూపాయల చాయ్‌ని దుబారా అన్నవాళ్లలోనే కొందరు ఈ ఆటను నేర్పుతామంటూ ఫీజు వసూలు చేస్తారు.

కోర్సు కూడా అయ్యాక గురువుగారు చివరి రహస్యం విప్పుతారు: షేర్లు సరే, బంగారం సరే, అసలైన సంపద భూమే. హైదరాబాద్‌కు డెబ్బై కిలోమీటర్లలో, అనంతగిరి గుట్టల చల్లగాలిలో ఫామ్ ప్లాటు, సులభ వాయిదాలు, కింద ఫోన్ నంబరు. ఆ ప్లాటు నిన్నమొన్నటిదాకా కంది చేను. దాన్ని అమ్మిన రైతుకు అడ్తి బాకీ, ఆసుపత్రి, బిడ్డ పెళ్లి పోగా మిగిలినదాన్ని ఏం చేసుకోవాలో తెలియక దిగులు పడనక్కర్లేదు. ఆయన కోసం వేరే వీడియో ఉంది: ఆ మొత్తాన్ని ముందు యాభై, ముప్పై, ఇరవైగా విడగొట్టుకోవాలట.