నల్లతెర సంజీవని: నోమోడ్‌సెట్ సూత్రానికి టీకా తాత్పర్యాలు

మూలం:
రో క్వయట్ స్ప్లాష్ నోమోడ్‌సెట్.

అవతారిక: రెండు జీబీల ర్యామ్‌తో కొత్త విండోస్ బరువు మోయలేక అటకెక్కిన ల్యాప్‌టాప్‌ను గృహస్థు ఒకడు దించి, దుమ్ము దులిపి, లుబుంటు అనే తేలికపాటి లినక్స్‌ను అందులోకి ఎక్కించగా, కంపెనీ బొమ్మ ఒకసారి మెరిసి, ఆ వెంటనే తెర అమావాస్య రాత్రిలా నల్లబడి, లోపల ఫ్యాను మాత్రం రయ్యిమని తిరుగుతూండే సందర్భంలో ఆశ్రయించదగిన సూత్రమిది. దీని స్థానం గ్రబ్. గ్రబ్ అంటే వ్యవస్థలన్నిటికంటే ముందు లేచి, ఏ వ్యవస్థను నిద్రలేపమంటారని అడిగే ద్వారపాలకుడు. పాత బయోస్ యంత్రాల్లో షిఫ్ట్ మీట నొక్కిపట్టి ఉంచితే దర్శనమిస్తాడు. అక్కడ ఇంగ్లీషు ‘ఈ’ మీట నొక్కినవారికి ‘లినక్స్’ అనే మాటతో మొదలయ్యే పొడవాటి వరుస ఒకటి కనబడుతుంది. అందులో లినక్స్‌కు మూలమైన కెర్నెల్ ఎక్కడుందో, డిస్కులో ఏ విభాగం దానిదో చెప్పే అంకెల దండకాన్ని వంశావళిగా భావించి దాటవేస్తే, మిగిలేది ఈ సూత్రమే. మొదటి మూడు పదాలు మూలకర్తవి, నాలుగోది వాడుకరి చేర్చుకునే ప్రక్షిప్తం. టీక అంతా ప్రక్షిప్తం చుట్టూనే తిరగడం తెలుగు వాఙ్మయంలో కొత్తేమీ కాదు.

కాళిదాస కావ్యాలకు సంజీవని రచించిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అవసరం లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి నిలబెట్టుకున్నాడు. ప్రస్తుత టీకలో ఆ ప్రతిజ్ఞ మొదటి సగమే పాటించడం జరిగింది.

అధికారి నిర్ణయం: శాస్త్రం ఏదైనా, దానికి అర్హుడెవరో ముందు తేల్చాలి. పవర్ మీట నొక్కింది మొదలు కంపెనీ బొమ్మ కూడా రాని యంత్రానికి ఈ సూత్రంలో అధికారం లేదు. అప్పటికి లినక్స్ ఇంకా మొదలే కాలేదు కనుక దానిమీద నేరం మోపడం, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు ఉదాహరణ అవుతుంది. అటువంటి చోట శబ్దప్రమాణాన్ని ఆశ్రయించాలి. తార్కికులు శబ్దమంటే ఆప్తవాక్యమని అర్థం చెప్పారు. మదర్‌బోర్డు విషయంలో అది అక్షరాలా శబ్దమే, అనగా బీప్. ఎన్ని బీప్‌లకు ఏ అర్థమో కంపెనీని బట్టి మారుతుంది గాని, చాలాసార్లు ర్యామ్ పట్టీ సరిగా కూర్చోలేదన్నదే వాటి సారాంశం. ఆ పట్టీని ఊడదీసి, బంగారురంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ బిగించడం రిపేరు షాపుల్లో గురుశిష్య పరంపరగా వస్తున్న ఆచారం.

శబ్దం చాలని చోట ప్రత్యక్షం ఉంది. గదిలో దీపాలార్పి, సెల్‌ఫోను టార్చిని తెర మీద ఏటవాలుగా పట్టి చూడాలి. నల్లని తెర లోతున అక్షరాలు మసకగా కదులుతూ కనిపిస్తే, బొమ్మ ఉంది, వెలుగు లేదు. పాత ల్యాప్‌టాప్ తెరల వెనుక వెదురుపుల్లంత సన్నని ట్యూబ్‌లైటు ఒకటుంటుంది; దానికి హెచ్చు వోల్టేజీ అందించే వేలెడంత పలకను ఇన్వర్టర్ అంటారు. కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఫ్యాను తిప్పే ఇన్వర్టర్‌కూ దీనికీ పేరులోనే చుట్టరికం. ఇక్కడ ఒక సూక్ష్మముంది. కంపెనీ బొమ్మ కూడా టార్చి వెలుగులోనే కనబడితే ట్యూబో ఇన్వర్టరో పోయినట్టు. బొమ్మ దేదీప్యమానంగా వెలిగి, లినక్స్ మొదలయ్యాకనే వెలుగు ఆరిపోతే, దీపం బాగానే ఉండి దాన్ని తిప్పే చెయ్యి తప్పుదారి పట్టినట్టు. ఉన్నప్పుడు ఏమవుతోంది, లేనప్పుడు ఏమవుతోంది అని చూసే ఈ పద్ధతినే తార్కికులు అన్వయ వ్యతిరేకాలన్నారు.

ప్రతిపదార్థం: రో = డిస్కును మొదట చదువుటకు మాత్రమే తెరచి (తనిఖీ అయ్యేదాకా అందులో ఏదీ రాయక అని భావం); క్వయట్ = నోరు మెదపక; స్ప్లాష్ = లోపలి అవస్థకు బొమ్మను అడ్డుపెట్టి; నోమోడ్‌సెట్ = తెర కొలతలు నీవై నిర్ణయింపక; లెమ్ము అని అధ్యాహారం.

తాత్పర్యం: ఓ కెర్నెలా, లోపల ఏమవుతున్నా బయటికి చెప్పకుండా, తెర జోలికి మాత్రం పోకుండా, ఈ ఒక్కసారికి లేచి రమ్ము.

విశేషాలు: క్వయట్, స్ప్లాష్ అనే పదాలు ఆరోగ్యవంతులకు అలంకారాలు, రోగికి అపథ్యాలు. జబ్బుచేసిన యంత్రం వైద్యుడితో మాట్లాడకుండా నవ్వుమొహం పెట్టడం వంటిదే వాటి ఫలితం. కనుక సూత్రపఠనానికి ముందే ఆ రెంటినీ చెరిపివేసి ఒకసారి చూడాలి. అప్పుడు తెల్లని అక్షరాల వరుసలు జలపాతంలా దిగుతాయి. మొదట ఆ అక్షరాలు పెద్దబాలశిక్షలోని వాటిలా లావుగా ఉండి, రెండు మూడు క్షణాలకు తెర ఒక్కసారి కన్ను మూసి తెరుస్తుంది; తెరిచేసరికి అవే అక్షరాలు సన్నబడి, తెర కొలతకు సరిపోయి ఉంటాయి. ఆ రెప్పపాటే మోడ్‌సెట్. అడ్డానికి ఎన్ని చుక్కలు, నిలువుకు ఎన్ని, క్షణానికి ఎన్నిసార్లు గీయాలి అన్న మూడు సంగతుల కలయికకు మోడ్ అని పేరు. పూర్వం ఈ నిర్ణయం ఎక్స్ అనే చిత్ర వ్యవస్థ చేతిలో ఉండేది. 1984లో ఎంఐటీలో పుట్టిన ఆ ఎక్స్‌కు అంతకుముందున్న డబ్ల్యూ అనే వ్యవస్థ తరువాతి అక్షరమే పేరైంది. 2009లో వచ్చిన లినక్స్ 2.6.29 సంచికతో ఇంటెల్ చిప్‌ల విషయంలో ఆ పెత్తనం కెర్నెల్‌కు సంక్రమించింది. మూసిన కన్ను తెరవని యంత్రానికే ఈ సూత్రంలో నిండైన అధికారం.

పదవిభాగ వివాదం: నో, మోడ్, సెట్ అని మూడుగా విడదీయడం సంప్రదాయం. నోము + ఓడ్ + సెట్ అని విడదీసి, ఉత్తుకు అచ్చు పరమైనందున సంధి నిత్యమని సమర్థించి, నోము ఓడిపోయిన వారి సెట్టు అని అర్థం చెప్పే పండితుడు ఎక్కడైనా తటస్థించవచ్చు. వ్యాకరణం ఒప్పినంత మాత్రాన అర్థం ఒప్పదు కనుక ఈ విభాగం అగ్రాహ్యమే. అయినా పట్టిన నోముకు ఉద్యాపన ఉన్నట్టే ఈ పదానికీ ఉద్యాపన ఉండాలన్న ధ్వని అందులో లేకపోలేదు. ఆ మేరకు ఆ పండితుడి తప్పు, ఒప్పు చెప్పిన చాలామంది టీకల కంటే మేలు.

పూర్వపక్షం: తెర వచ్చింది కదా, పదాన్ని శాశ్వతంగా ఉంచేస్తే నష్టమేమిటి?

సిద్ధాంతం: నష్టం కంటికే కనబడుతుంది. నోమోడ్‌సెట్ ఉన్నంతకాలం తెరను నడిపే చిప్‌కు తగిన డ్రైవరు పనిలోకి దిగదు. వీసా అనే అందరి డ్రైవరు అరువు పనివాడిలా వచ్చి, 1024 చుక్కల అడ్డం, 768 నిలువు అనే పాతకాలపు కొలతను 1366 చుక్కల తెర మీద సాగదీసి పరుస్తుంది. పున్నమి చంద్రుడు గుమ్మడికాయలా అడ్డంగా బలుస్తాడు, వెలుగు పెంచే మీటలు పలకవు, సినిమా నత్తనడక నడుస్తుంది. దీన్ని సరిదిద్దబోయి, సీవీటీ అనే కొలతలు లెక్కగట్టే ఆదేశాన్ని 1366 అడిగినవారికి అది 1368 ఇస్తుంది. అది పొరపాటు కాదు. ఆ లెక్క అడ్డపు చుక్కలను ఎనిమిది ఎనిమిదిగా కొలుస్తుంది, 1366ను ఎనిమిదితో భాగిస్తే ఆరు మిగులుతుంది. తెర తయారుచేసినవారు భాగహారం చూసుకోకపోతే టీకాకారుడు చేయగలిగింది లేదు.

శంక: మూతను అరచేత్తో ఒక్కటిస్తే డిస్‌ప్లే వచ్చింది, ఈ పాండిత్యమంతా దేనికి?

సమాధానం: కాకి వాలగానే తాటిపండు రాలినట్టు అది కాకతాళీయం, కాకపోతే కేబుల్ దోషం. తెరకు చిత్రాన్ని మోసుకెళ్లే సన్నని కేబుల్ మడతబందు గుండా పోతుంది, ఏళ్ల తరబడి మూసి తెరవడంతో అక్కడే నలుగుతుంది. మూతను కొంచెం కొంచెంగా వంచుతూ చూసినప్పుడు ఒకానొక కోణంలో మాత్రమే బొమ్మ నిలిస్తే కేబుల్ మార్చాలి. దెబ్బ కొట్టినంత మాత్రాన నలిగిన తీగ నయమవదు.

ఉద్యాపన విధి: గ్రబ్‌లో చేసిన దిద్దుబాటు ఒక్క పూటకే చెల్లుతుంది, మరుసటిసారికి చెరిగిపోతుంది. ఆ పూటలోనే, జర్నల్‌సీటీఎల్ అనే ఆదేశానికి మైనస్ బి, మైనస్ ఒకటి చేర్చి, అంతకుముందు నల్లతెరతో ఆగిపోయిన ప్రయత్నం రాసిపెట్టుకున్న చిట్టాను చదవాలి. ఎక్స్ వ్యవస్థ తన చిట్టాలో దోషం కనిపించిన పంక్తికి రెండు ‘ఈ’ అక్షరాల ముద్ర వేస్తుంది. సూత్రానికి సార్థకత ఈ చదువులోనే ఉంది. కొన్ని పాత ఇంటెల్ యంత్రాల్లో ఎన్నడూ తగిలించని టీవీ ఒకటి ఉందని కెర్నెల్ భ్రమించి, ఆ లేని టీవీ కొలతకు తగ్గట్టు అసలు తెరలో ఒక మూలనే సర్దుకుంటుంది. అద్వైతులు చెప్పే తాడులో పాము ఇదే. వీడియో అనే మాటకు ఎస్‌వీడియో ఒకటి అనే రంధ్రం పేరును, దానివెనుక లేదనుటకు గుర్తుగా ‘డి’ అక్షరాన్ని జతచేస్తే పాము పోయి తాడు మిగులుతుంది. టార్చి పరీక్షలో వెలుగు తర్వాత ఆరినట్టు తేలిన యంత్రానికి ఏసీపీఐ బ్యాక్‌లైట్ అనే మాటకు వెండర్ అని విలువ ఇచ్చి చూడాలి. ఫలించిన మాటను ఈటీసీ ఫోల్డరులోని డిఫాల్ట్ కింద ఉన్న గ్రబ్ ఫైలులో నోమోడ్‌సెట్‌కు బదులుగా రాసి, అప్‌డేట్ గ్రబ్ అనే ఆదేశం ఇవ్వాలి. ఆ ఆదేశం మరచినవారికి ఫైలు మారుతుంది గాని తెర మారదు.

ఇన్ని చేసినా తెర రాని యంత్రానికి పక్కనున్న వీజీఏ రంధ్రంలో పాత మానిటర్ తగిలించి చూడాలి. అందులో బొమ్మ నిండుగా వస్తే మిగిలిన దోషం తెరదో కేబుల్‌దో గాని లినక్స్‌ది కాదు, ఆ ల్యాప్‌టాప్ ఇకమీదట బల్ల మీద కూర్చుని పనిచేసే కంప్యూటరు.