బండి ఇన్సూరెన్స్: పోలీసుకు చూపించే కాగితం ఎంచుకోవడం ఎలా?

బండి కొన్నాక మీకు ఇద్దరు శత్రువులు. ఒకరు చౌరస్తాలో నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్. ఇంకొకరు షోరూంలో "సార్, ఫుల్ ఇన్సూరెన్సా, థర్డ్ పార్టీయా?" అని అడిగే కుర్రాడు. ఇద్దరి నోరూ ఒక్క కాగితంతో మూయించడమే ఇన్సూరెన్స్ విద్య. బండి నడిపే తీరును బట్టి పాలసీ తీసుకోవాలని పెద్దలు చెబుతుంటారు. వాళ్లకు పనిలేదు. మీరు ఎలా నడుపుతారో మీకు తెలుసు, వెనక కూర్చుని ఆంజనేయ దండకం చదువుకునే మీ ఆవిడకు తెలుసు. కంపెనీకి ఎందుకు తెలియాలి? కింది చిట్కాలు పాటించండి. అన్నీ పాటించే ఓపిక లేకపోతే ఏ ఒక్కటి పాటించినా చాలు, ఫలితం గ్యారంటీ.

1. వాడకం అన్నచోట "సొంతానికి" అనే రాయించండి.

పగలు ఆఫీసుకు వెళ్లే బండినే సాయంత్రం ఏడు నుంచి పదకొండు దాకా, వీపున పెద్ద సంచీ తగిలించుకుని, ఊళ్లోవాళ్లకు బిర్యానీలు చేరవెయ్యడానికి వాడుతున్నారనుకోండి. బండి సొంతం, పెట్రోలు సొంతం, నడుంనొప్పి సొంతం. ఇది సొంత వాడకం కాకపోతే ఇంకేమిటి? పాలసీలో చిన్నక్షరాల పేరా ఒకటి ఉంటుంది. కిరాయికి తిప్పినా, సొంత సామాను కాకుండా సరుకులు మోసినా, పందేలకూ స్పీడు పరీక్షలకూ వాడినా ఈ పాలసీ వర్తించదని అందులో రాసి ఉంటుంది. చదివినవాడికే ఆ బాధ. మీరు చదవకండి.

ఇక ఆదివారం తెల్లవారుజామున విశాఖ బీచ్ రోడ్డు మీదో, అనంతగిరి ఘాట్‌లోనో నలుగురు స్నేహితులతో సెకన్లు లెక్కపెట్టుకుంటూ దూసుకుపోవడాన్ని పందెం అనరు, "రైడ్" అంటారు. రీల్ తీసేటప్పుడు స్పీడోమీటరు స్పష్టంగా కనబడాలి, తారీఖూ టైమూ కూడా పడాలి. క్లెయిం పరిశీలించే సర్వేయర్లు కూడా ఇన్‌స్టాగ్రామ్ చూస్తారు. పాపం, వాళ్లకూ కాలక్షేపం కావాలి కదా.

2. అన్నిటికన్నా చవకది తీసుకోండి, తీసుకుని "ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది" అని చెప్పుకోండి.

2022 జూన్ నుంచి అమల్లోకొచ్చిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ మధ్య బండికి ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 714 రూపాయలు, పైన జీఎస్టీ. 350 సీసీ దాటిన బుల్లెట్ అన్నయ్యలకైతే 2804. ఈ డబ్బుతో ఏం వస్తుంది? మీ బండి తగిలి ఎదుటివాడికి ఏమన్నా అయితే కంపెనీ చూసుకుంటుంది. మనిషి పోయినా, గాయపడినా పరిహారానికి పరిమితి లేదు. ఆస్తి నష్టానికి లక్ష దాకా ఇస్తారు. మీ బండి నుజ్జయినా, దొంగ ఎత్తుకుపోయినా రూపాయి రాదు. అయితేనేం? ప్రమాదాలు ఎప్పుడూ ఎదుటివాళ్లకే అవుతాయి, ఇది అనుభవం మీద తేలిన విషయం.

వెనక సీటు సంగతి కొందరు అడుగుతారు. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న పాలసీలో, ఊరికే లిఫ్ట్ తీసుకుని వెనక కూర్చున్న మనిషి బాధ్యత కంపెనీది కాదని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. ప్యాకేజీ పాలసీ, అంటే అసలైన ఫుల్ ఇన్సూరెన్స్, అయితే వెనకవాళ్లకూ వర్తిస్తుంది. మీరు మాత్రం బావమరిదిని ఎక్కించుకోండి, పిల్లను ట్యాంకు మీద, పెద్దవాణ్ణి మధ్యలో కూర్చోబెట్టుకోండి. కుటుంబమన్నాక కష్టసుఖాలు పంచుకోవాలి.

714 కూడా దండగ అనిపిస్తే దానికీ దారుంది. ఆర్టీవో ఆఫీసు ఎదుటి సందుల్లో పాత పాలసీ మీద తారీఖు దిద్దిపెట్టే కళాకారులుంటారు, వాళ్లను వెతకండి. చౌరస్తాలో పోలీసు బండి నంబరు ఫోన్లో కొడితే ఇన్సూరెన్స్ ఉందో లేదో తెలిసిపోయే మాట నిజమే. అప్పుడు మొదటిసారికి 2000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే జరిమానా 4000. మీరు కళను పోషించారు, అది ఎక్కడికీ పోదు.

3. పెద్ద అంకె ఒక్కటే చదవండి.

ఇది కొత్త బండివాళ్లకు ప్రత్యేకం. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త టూవీలరుకు థర్డ్ పార్టీ పాలసీ ఒకేసారి ఐదేళ్లకు కట్టాలి. మీ బండికి జరిగే నష్టానికి, అంటే ఓన్ డ్యామేజ్‌కి, షోరూంవాడు సాధారణంగా ఏడాదికే కడతాడు. కాగితం మీద రెండు తారీఖులుంటాయి. మీరు దూరపు తారీఖు చూసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, సీటు కింద తోసెయ్యండి. మొదటి ఏడాది మీరు భద్రం. మిగతా నాలుగేళ్లూ భద్రంగా ఉన్నట్టు అనిపిస్తుంది. రెండింటికీ తేడా బండి డివైడర్ ఎక్కేదాకా ఎవరికీ తెలియదు. ఆ రోజు షోరూంకి వెళ్లి కౌంటర్ మీద గట్టిగా చరచండి: "ఐదేళ్లకి కట్టానయ్యా!" అక్కడి అమ్మాయి అలాంటి చరుపులు రోజుకు నాలుగైదు వింటుంది, ఉలిక్కిపడదు.

4. "నాకు ఆల్రెడీ ఉంది" అని టిక్కు పెట్టండి.

ఆన్‌లైన్‌లో కట్టేటప్పుడు పర్సనల్ యాక్సిడెంట్ కవర్ అని ఒకటి వచ్చి మొత్తాన్ని కొన్ని వందలు పెంచేస్తుంది. బండి యజమాని తానే నడుపుతూ చనిపోతే ఇంటివాళ్లకు 15 లక్షలు, ఒక కాలో చెయ్యో పోతే అందులో సగం. ఇది ఉండి తీరాలని చట్టం. కానీ కిందే ఒక చిన్న గడి ఉంటుంది, "నాకు ఇప్పటికే వేరే పాలసీలో ఈ రక్షణ ఉంది" అని. ఒక్క వేలు పోటుతో మొత్తం తగ్గిపోతుంది. మీకు అలాంటి పాలసీ లేదా? గడికి ఏం తెలుస్తుంది? మిగిలిన డబ్బుతో ఇంటిల్లిపాదికీ బిర్యానీ తెప్పించండి. మీరు లేని రోజుల్లో వాళ్లు ఆ రుచి తలుచుకుంటారు.

5. బండి విలువ తగ్గించి చెప్పండి.

ఐడీవీ అని ఒక అంకె అడుగుతారు. బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే సొమ్ము అదే. ఇది బండి తయారీ కంపెనీ ధర మీద వయసును బట్టి తగ్గుతూ పోతుంది. ఆరునెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, నాలుగో ఏడు దాటి ఐదో ఏటికొచ్చేసరికి 50 శాతం కోత. ఆన్‌లైన్‌లో ఆ అంకెను కిందికి జరిపే వీలు ఇస్తారు. పూర్తిగా ఎడమవైపుకి లాగెయ్యండి. ప్రీమియం ఎనభయ్యో తొంభయ్యో తగ్గుతుంది, బండి విలువ వేలల్లో తగ్గుతుంది. ఎనభై చేతిలో కనబడుతుంది, వేలు కనబడవు.

అదే ఊపులో "బంపర్ టు బంపర్" కూడా తీసేయించండి. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు సామాను ఖర్చులో సగం మీదే. ఈ కాలం స్కూటర్లో ప్లాస్టిక్ తీసేస్తే మిగిలేది హారనే, కాబట్టి లెక్క సులువు.

6. అద్దం పగిలినా క్లెయిం చెయ్యండి.

కట్టాం కాబట్టి రాబట్టుకోవాలి. క్లెయిం లేకుండా ఏడాది గడిస్తే 20 శాతం, వరసగా ఐదేళ్లు గడిస్తే 50 శాతం దాకా ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో తగ్గింపు ఇస్తారు, నో క్లెయిం బోనస్ పేరుతో. నాలుగైదేళ్లు కూడబెట్టిన ఆ బోనస్‌ను నాలుగొందల అద్దం కోసం వదిలేసే ధైర్యం అందరికీ ఉండదు. మీకుంది. మర్నాడు కంపెనీ మార్చి, కొత్తవాడి దగ్గర "క్లెయిం ఎప్పుడూ చెయ్యలేదండీ" అని 50 శాతం అడగండి. కొత్తవాడు పాతవాణ్ణి అడిగి తెలుసుకుంటాడు. మామూలుగా, మీరు పెద్ద క్లెయిం పెట్టిన రోజున.

7. రెన్యువల్ గుర్తుచేసే ఫోన్లు ఎత్తకండి.

ఎలాగూ లోన్ ఇస్తామనేవాళ్లే అయ్యుంటారు. గడువు దాటి 90 రోజులైతే బోనస్ పోతుంది. ఆ మధ్యలో జరిగేవన్నీ మీ ఖాతాలోవే.

8. సెకండ్ హ్యాండ్ బండి కొంటే పాలసీ పాతవాడి పేరు మీదే ఉంచండి.

పద్నాలుగు రోజుల్లోగా కంపెనీకి చెప్పి పేరు మార్పించుకోవాలట. పద్నాలుగు రోజులు మనం కొత్త సీటు కవరు వెతకడానికే సరిపోవు. థర్డ్ పార్టీ భాగం బండితోపాటే వస్తుంది. ఓన్ డ్యామేజ్ అలా రాదు. బండి పోతే "నష్టపోయింది మీరు, పాలసీ ఆయనది" అంటారు. అప్పుడు పాతవాడికి ఫోన్ చెయ్యండి. బండి అమ్మేటప్పుడు "తమ్ముడూ, ఎప్పుడేం కావాలన్నా ఫోన్ చెయ్యి" అన్నది ఆయనే. ఇప్పుడు బెంగుళూరులో ఉంటాడు, మీటింగులో ఉంటాడు.

9. వరదలో మునిగిన బండిని వెంటనే కిక్కు కొట్టండి.

2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు ఎన్ని బండ్లు బురద తాగాయో చూశాం. నీళ్లు తియ్యగానే అందరి చెయ్యీ తాళం మీదికి పోతుంది. మీరూ పోనివ్వండి. నీరు దూరిన ఇంజనును స్టార్ట్ చెయ్యకుండా విప్పి, శుభ్రం చేసి, ఆయిల్ మార్చితే బతికే అవకాశం ఉంటుంది. స్టార్ట్ చేస్తే నీటిని అదమలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అప్పుడు సర్వేయర్ "ఇది వరద వల్ల కాదు, మీరు స్టార్ట్ చెయ్యడం వల్ల" అని రాసుకుంటాడు. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు లేకపోతే ఆ ఖర్చు మొత్తం మీదే. నాలుగు కిక్కులకు కదలకపోతే ఆపకండి. పక్కింటాయన్ని పిలిచి తోయించండి. సాక్షి కూడా దొరికినట్టవుతుంది.

10. మావాడు పదో తరగతి, అయినా నాకన్నా బాగా నడుపుతాడని గర్వంగా చెప్పుకోండి.

తాళాలు వాడికే ఇవ్వండి, పాలప్యాకెట్లు తెస్తాడు. పట్టుబడితే శిక్ష వాడికే కాదు, మీకూ: 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు, వాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు లేదు. ఎవరినైనా గుద్దితే కంపెనీ బాధితులకు పరిహారం కట్టి, తర్వాత ఆ సొమ్ము మీ దగ్గర వసూలు చేసుకోమని కోర్టు అనొచ్చు. రెండు పాలప్యాకెట్లకు ఇంత కథ!

11. క్లెయిం రాసేటప్పుడు కుక్కను వాడండి.

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడమేత కోసం అన్న జవాబు మన జాతికి కొత్త కాదు. సెల్ చూస్తూ లారీని గుద్దినా, పెళ్లి విందులో రెండు పెగ్గులేసి కాలవలోకి దిగినా, "కుక్క అడ్డొచ్చింది" అని రాయండి. ఆస్పత్రి కాగితంలో మద్యం వాసన సంగతి డాక్టరు రాస్తే, కుక్కే తాగి ఉందేమో అనండి. కంపెనీకి మూడు వారాల తర్వాత చెప్పండి. ఈలోగా సందు చివర మెకానిక్‌తో అంతా బాగుచేయించి, విరిగిన ముక్కలు పాతసామానువాడికి అమ్మేస్తే, సర్వేయర్ వచ్చి చూడాల్సిందేమీ ఉండదు, ఆయనకూ శ్రమ తప్పుతుంది. బండి పోయిందంటే తాళాలు రెండూ అడుగుతారు. ఒకటి ఇవ్వండి. రెండోది బండికే ఉందని నిజం చెప్పండి. నిజాయితీకి ఎక్కడో ఓ చోట చోటుండాలి.

12. తిరస్కరిస్తే వాట్సాప్ స్టేటస్ పెట్టండి.

"మోసం!!!" అని, మూడు ఆశ్చర్యార్థకాలతో. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపి, జవాబు నచ్చకపోయినా, నెల గడిచినా జవాబే రాకపోయినా, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. హైదరాబాద్‌లో లక్డీకాపూల్ వైపే ఆఫీసు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఉచితంగా చేసేవాళ్లను నమ్మకూడదు కాబట్టి ఆలోచించుకుని మెల్లగా వెళ్లండి. గడువు ఏడాది అంటారు. పద్నాలుగో నెలలో బయల్దేరండి, అప్పటికి రద్దీ తగ్గి ఉంటుంది.