దూరవాణ్యుపవాసము

ఏకాదశీ వ్రతమునకు శాస్త్రము గలదు. దశమినాడు ఏకభుక్తము, ఏకాదశినాడు నిరాహారము, ద్వాదశినాడు పారణ యని పెద్దలు విధించిన క్రమమున సందేహమునకు చోటు లేదు. నిరాహారము సైపలేని దుర్బలులకు పాలు, పండ్లు అనుజ్ఞాతములు. ఆ యనుజ్ఞను ఆధారముగా గొని మా తాతగారి కాలమునుండి మా యింట బొంబాయి రవ్వ ఉప్మా రెండేసి పళ్లెములు నడచుచున్నది. కాని శనివార ఆదివారములలో ఫోనును, టీవీని, కంప్యూటరును ముట్టక, కన్నులకును మనస్సునకును విశ్రాంతి నీయవలెనని సంకల్పించు గృహస్థునకు ధర్మసింధువునందు సయితము విధి కానరాదు గనుక, కాకినాడలోని మా వాటాలో శుక్రవారము రాత్రియే శాస్త్రచర్చ యారంభమైనది.

టీవీ గోడకు వ్రేలాడునదే గాని చేత బట్టుకొనునది కాదు గనుక దానికి దోషము లేదని నా భార్య పూర్వపక్షము చేసెను. ఆఫీసు పనికై తెరచిన కంప్యూటరు జీవనోపాధియే గాని భోగము కాదని మా అబ్బాయి వాదించెను. యూట్యూబులో ప్రవచనము వినుట పాలు, పండ్లలోనికి వచ్చునా, ఉప్మాలోనికి వచ్చునా యని మా అమ్మ యడిగిన ప్రశ్నకు మాత్రము సమాధానము చెప్పగల పండితుడు మాలో లేకపోయెను. తుదకు అటకమీది రేడియోకు మాత్రము అనుజ్ఞ యిచ్చి, ఫోనులన్నిటిని నోళ్లు నొక్కి బియ్యపు డబ్బాలో పూడ్చితిమి.

మరునా డుదయమున మొదట కొరతపడినది కాలము. గోడ గడియారము నాలుగుంబావు చూపుచు నిలిచియుండెను. అందలి సెల్లు ఎన్నడో టీవీ రిమోటులోనికి వలసపోయిన సంగతి అప్పుడు గాని బయటపడలేదు. కాలమే తెలియని యింట రాహుకాలము తెలియు టెట్లని మా అమ్మ విచారించుచుండగా, గ్యాసు బండను భుజమున మోసికొని వచ్చిన కుర్రవాడు దానిని గుమ్మములో దింపి, "ఓటీపీ చెప్పండి సార్" అనెను. ఓటీపీ బియ్యములో నున్నదని నేను చెప్పగా అతడు నవ్వలేదు. బండను మరల భుజమున కెత్తుకొనుటకు వంగెను. నా భార్య మోచేతివరకు బియ్యములో చేయి దూర్చి వెదకగా మొదట మా అబ్బాయి ఫోనును, పిమ్మట మా అమ్మ ఫోనును, మూడవ మునుకకు కొలపాత్రయు దొరకినవి; ఆపైని గాని నాది దొరకలేదు. అంకెలు చెప్పి, బండ తీసికొని, ఔషధసేవనముచేత వ్రతభంగము లేదన్న న్యాయమును స్మరించి, దానిని తిరిగి పూడ్చితిమి.

నిజమునకు ఈ యుపవాసము ఒకప్పుడు ఎవరును కోరకయే జరుగుచుండెడిది. 1995 జూలై 31న కలకత్తానుండి జ్యోతిబసుగారు ఢిల్లీలోని సుఖ్‌రామ్‌గారితో మాటాడి మన దేశమున మొబైలు ఫోనుకు శ్రీకారము చుట్టిన పిమ్మట, 2003వరకు వచ్చిన కాలుకు సయితము మనమే రుసుము చెల్లించుచుంటిమి గనుక, మ్రోగిన ఫోనును ఎత్తుటకు జంకెడివారము. "మిస్డ్ కాల్ ఇవ్వు, నేనర్థం చేసుకుంటా" అనునది ఆనాటి ఆప్తవాక్యము. ఆనాడు దేనికైనను ముగింపు ఉండెడిది. పత్రికకు కడపటి పుట యుండెడిది. మా తాతగారి ఉప్మాకు సయితము మూకుడు అడుగు కనబడెడిది. 2006లో ఏజా రాస్కిన్ అను అమెరికా రూపశిల్పి, జరుపుకొలది క్రొత్తవి పుట్టుచు ఎన్నటికిని ముగియని పుటను కల్పించి, తరువాత తానే బహిరంగముగా చింతించెను. ఆయన చింతించునప్పటికి మనము చాల దూరము జరిపియుంటిమి.

ఏకాదశికిని దీనికిని గల భేదము శనివారము సాయంకాలమున బోధపడినది. నేను అన్నము మానినచో ఆకలి నాకే. నేను ఫోను మానినచో ఆకలి లోకమునకు. పడకకుర్చీలో సుఖముగా కునుకుచున్న నన్ను ప్రక్కవాటా ఆయన తట్టి లేపి, "మాస్టారూ, మీ ఇంట్లో అన్ని ఫోన్లూ స్విచాఫట, డల్లాస్ నుంచి మీ మేనల్లుడు కంగారు పడుతున్నాడు" అని తన ఫోనును నా ముఖమునకు పట్టెను. "మామయ్యా! ఒంట్లో బాగుందా? నిద్ర లేచి చూస్తే మీ గుడ్ మార్నింగ్ పువ్వు లేదు!" అని వాడు గద్గదస్వరమున పలికెను. చీకటి పడునప్పటికి రాజమండ్రినుండి మా బావమరిది బత్తాయిల సంచితో బస్సు దిగి, నా కాళ్లును చేతులును కదలుచుండుట కన్నులార చూచి, కొంచెము నిరాశ చెందినట్లు కూర్చుండెను.

ఒంటరి యుపవాసము లోకోపద్రవమని గ్రహించిన వారు మహారాష్ట్రమున సాంగ్లీ జిల్లాలోని మోహిత్యాంచే వడ్గావ్ గ్రామస్థులు. 2022నుండి అక్కడ సాయంకాలము ఏడింటికి సైరను కూయగానే ఊరంతయు గంటన్నరసేపు టీవీలను, ఫోనులను కట్టిపెట్టును. అందరును ఒక్కసారే మానుదురు గనుక ఎవ్వరికిని ఎవరిని గూర్చియు కంగారు లేదు. ఈ పద్ధతిని మా అపార్టుమెంటు సంఘమువారికి విన్నవింపగా సంతోషముతో ఆమోదించి, గంట కొట్టు పని వాచ్‌మన్‌కు అప్పగించిరి. అతడు తల గోకికొని, "ఎనిమిదిన్నరైందని నాకెట్టా తెలుస్తాదండీ? నా టైమంతా ఫోన్లోనే ఉంది" అనుటచేత, అతని ఫోనుకు మాత్రము మినహాయింపు నిచ్చిరి. ఇప్పుడు మా భవనమున ప్రతి సాయంకాలము ఏడు గంటలకు నియమముగా గంట మ్రోగుచున్నది. మ్రోగిన ఐదు నిమిషములకు, వేళ యెంతైనదో కనుగొనుటకై, అన్ని అంతస్తులవారును మెట్లు దిగి అతని గదిలో ఇరుకుకొని కూర్చుండుచున్నారు.